కాశీకి వెళ్ళే దొరసానులకు కాకరకాయ సలహా

ఆ రోజుల్లో మా రేపల్లెలో ఒక మనిషి కాశీకి బయలుదేరుతోందంటే టిక్కెట్టు చేతికి రాకముందే సలహాలు వచ్చి పడేవి. పాలామె ఒకటి చెప్పేది, చాకలామె ఇంకోటి చెప్పేది, జన్మలో తెనాలి స్టేషను దాటనివాళ్ళయితే గుమ్మంలో కూర్చుని మజ్జిగ అయిపోయేదాకా చెప్పేవాళ్ళు. (దాటొచ్చినవాళ్ళకు కొన్ని అనుమానాలైనా ఉంటాయి. దాటనివాళ్ళకు ఏ అనుమానమూ ఉండదు.) సలహాకు డబ్బులివ్వక్కర్లేదు కాబట్టి నేనూ అన్నీ వినేదాన్ని. ఊరికే వచ్చింది ఏదైనా సరే, పారేయడం నాకు చేతకాదు.

ఇప్పుడా పనంతా ఫోను చేస్తోందట. బాపట్లలో చదువుకుంటున్న నా మనవరాలు మొన్న వేసవిలో తనతోపాటు ఒక తెల్లపిల్లను వెంటబెట్టుకొచ్చినప్పుడు తెలిసింది నాకా సంగతి. ఆ పిల్ల ఏదో చలిదేశం నుంచి మన వరి పొలాల గురించి నేర్చుకోవడానికి వచ్చిందట. తెలుగు కూడా నేర్చుకుంది, మర్యాద కొంచెం ఎక్కువ పాళ్ళలో కలిపి నేర్పారేమో, ప్రతి మాటకూ 'అండి' తగిలిస్తుంది. మా పెరట్లో పిల్లిని కూడా "ఇటు రండి" అని పిలిచింది. అది వెళ్ళింది కూడాను. నేను పిలిస్తే ఏనాడూ పలకని పిల్లి!

ఆ పిల్ల సెలవుల్లో ఒంటరిగా కాశీకి వెళుతోందట. మనవరాలు ఫోను చూస్తూ జాగ్రత్తలు చదివి వినిపిస్తోంది. "సీసా నీళ్ళే తాగాలంట. భుజాలు కప్పుకోవాలంట. కాష్ఠం కాలేచోట ఫోటోలు తీయకూడదంట. పడవెక్కే ముందే బేరం తేల్చుకోవాలంట."

"అన్నీ మంచి మాటలే. అసలు మాటే రాయలేదు" అన్నాను వత్తులు చేసుకుంటూ.

"ఏంటమ్మమ్మా అది?"

"అక్కడ గంగ ఒడ్డున నీకేమిష్టం అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో రాశారా?"

తెల్లపిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని నా ముందుకు జరిగి "ఏం చెప్పాలండి?" అంది. అప్పుడు చెప్పాను ఇదంతా. మీరూ వినండి, ఎప్పటికైనా పనికొస్తుంది.

నాది అమృతలూరు. అయిదో తరగతి అవుతూనే బడి మానిపించారు, ఇంకొన్నాళ్ళకు రేపల్లెలో కాపురానికి పంపారు. మా అత్తగారు గట్టి మనిషి. అగ్గిపుల్లను రెండుగా చీల్చి వాడిన ఇల్లాలు. (నేను పిసినారినని ఇప్పుడు మా పిల్లలంటారు గానీ, ఆవిణ్ణి చూడలేదు వాళ్ళు.) ఆవిడ ఒకనాడు భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "ఈ ఎండాకాలం కాశీకి పోతున్నాం. కోడలు కూడా వస్తది" అని ప్రకటించింది. మండుటెండల్లో కాశీ ఏంటమ్మా అని మా ఆయన గొణిగితే, "చల్లటి రోజుల్లో జనం ఎగబడతారు, సత్రంలో గది దొరకదు. గంగ ఎండాకాలంలో మాత్రం గంగ కాదా?" అంది. మా ఆయనకు రైసుమిల్లులో సెలవు దొరకదు కాబట్టి, పక్కింటి పిన్నిగారు, మా అత్తగారు, నేను, ముగ్గురం వెళ్ళేటట్టు నిర్ణయమైంది.

నేను సంబరపడుతుంటే పిన్నిగారు గోడ మీదుగా తల పెట్టి అసలు సంగతి బయటపెట్టింది. "కాశీకి పోయినాక ఏదో ఒకటి వదలాలి, తెలుసుగా? కాయో, పండో. దోసిట్లో గంగనీళ్ళు తీసుకుని ఫలానాది వదిలేశానని చెప్పి నీళ్ళు విడిచామంటే ఇంక జన్మలో అది ముట్టకూడదు. మీ అత్తగారు ఊరికే వదిలే మనిషి కాదమ్మాయ్. ఇష్టంలేనిది వదిలితే అది వదలడం కాదు, ఇల్లూడ్చి చెత్త పారబోయడం అంటది."

నాకు మామిడిపండంటే ప్రాణం. పుట్టింట్లో ఎండాకాలం వస్తే అన్నం మానేసి మామిడిపళ్ళతో బతికినదాన్ని. నిండా ఇరవై ఏళ్ళు లేని వయసులో మామిడిపండును గంగపాలు చేసి మిగతా బతుకు ఏం పెట్టుకుని బతకాలి? రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. అన్నిటిలోకీ నాకు గిట్టనిది కాకరకాయ. కాశీ నాటికి కాకరకాయంటే నేను పడిచస్తానని అత్తగారు నమ్మాలి. మామిడిపండంటే నాకు లెక్కే లేదనీ నమ్మాలి. అప్పుడు ఆవిడే "దీనికిష్టమైంది కాకరకాయ, అదే వదిలించండి" అంటుంది. ఇంత తెలివి నాకు ఆ అయిదో తరగతితోనే వచ్చిందంటే, పది దాకా చదివి ఉంటే ఏమైపోయేదాన్నో!

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. "అత్తయ్యగారూ, కాకరకాయ వేపుడు ఎంత బాగా చేశారండీ" అని నిన్నటి గిన్నె గీకి మరీ తిన్నాను. ఆవిడ నావైపు ఒకసారి చూసింది. మర్నాడు పులుసు పెట్టింది. ఆ మర్నాడు కారం కూరి వండింది. ఆ తరవాత వడియాలు, పచ్చడి. నేను మెచ్చుకునేకొద్దీ ఆవిడ వండేది, ఆవిడ వండేకొద్దీ నేను మెచ్చుకోవాల్సి వచ్చేది. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగితే "కమ్మదనానికండీ" అనేదాన్ని. మా ఆయన కంచం ముందు కూర్చోగానే, "ఏంటే ఇది, మనం కాపురం చేస్తున్నామా, కాకరపాదు కింద ఉంటున్నామా?" అని లేచిపోయేవాడు. ఆయన వాటా కూడా నాకే వేసేది అత్తగారు, "కోడలికిష్టం" అంటూ.

దాన్నైనా ఓర్చుకున్నాను గానీ, ఈలోగా బంగినపల్లి పళ్ళు వచ్చాయి. గడ్డిలో మాగేసిన పళ్ళ వాసన వంటింట్లోకి, పడగ్గదిలోకి, నా కలల్లోకి వచ్చేది. అత్తగారు పండు కోసి చెంపలు అందరికీ పంచేది. టెంక మాత్రం ఎప్పుడూ తనే తీసుకునేది. "మీకేమో పండు కావాలి, నాకిదుంటే చాలు" అని గడప మీద కూర్చుని పీచు తెల్లబడేదాకా చీకేది. నా వంతు రాగానే నేను మొహం పక్కకు తిప్పి "నాకొద్దండీ, వేడి చేస్తది" అనేదాన్ని. వెంటనే పిన్నిగారు గోడవతల నుంచి చెయ్యి చాపేది. నా ముక్కలు తిని ఆవిడ ఆ వేసవికి నిగనిగలాడింది.

చివరికి తెనాలిలో రైలెక్కి కాశీ చేరాం. మర్నాడు పొద్దున్నే సత్రంలో ఉండే తెలుగు శాస్త్రిగారు మమ్మల్ని రేవుకు తీసుకెళ్ళారు. అక్కడ మెట్ల మీద ఒక పొడుగాటి దొరసాని కూర్చుని ఉంది. నూలుచీర ఎడాపెడా చుట్టుకుని, చెప్పుల్లేకుండా, ఒక గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని. మా అత్తగారికి ఎవర్నైనా చూస్తే చాలు, వాళ్ళను దిద్దాలనిపిస్తుంది. నేరుగా ఆమె దగ్గరికి పోయి, గట్టిగా మాట్లాడితే తెలుగు అర్థమవుతుందన్న నమ్మకంతో, "ఏమ్మాయ్! కుచ్చెళ్ళు దోపుకో, కాళ్ళకడ్డం పడి చస్తావు! లోతుకు పోమాకు! సంచీ కింద పెట్టమాకు, కోతులున్నయ్! ఒక్కదాన్నే మీ అమ్మ ఎట్టా పంపిందే నిన్ను?" అని అరిచింది. ఆ దొరసాని ప్రతిదానికీ తలూపి, లేచి మా వెనకే వచ్చి కూర్చుంది. ఆమె సంచీలోంచి మామిడిపళ్ళ వాసన గుప్పున కొట్టింది. ఆ గంగ ఒడ్డున నేను దేవుడి మీద ధ్యాస పెట్టలేకపోయానంటే తప్పు నాది కాదు, ఆ సంచీది.

శాస్త్రిగారు మొదలుపెట్టారు. పిన్నిగారు దోసిట్లో నీళ్ళు తీసుకుని "పొట్లకాయ" అంది. "ఇష్టమేనా?" అని అత్తగారు గద్దించింది. "ప్రాణం వదినా" అంది పిన్నిగారు. ఇంతలో దొరసాని ఏంటిది అని సైగ చేస్తే, శాస్త్రిగారు తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పారు. ఆమె కాసేపు ఆలోచించి, మెల్లగా ఏదో చెప్పి, తనూ వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుంది.

"ఈవిడ కూడా వదుల్తారంటమ్మా" అన్నారు శాస్త్రిగారు. "ఈ దేశం వచ్చాకే మామిడిపండు రుచి చూశారంట. ప్రపంచంలో అంతకంటే ఇష్టమైంది ఇంకోటి లేదంట. అందుకని అదే వదిలేస్తారంట."

నాకు ఏమైందో తెలియదు. ఒక మనిషి నా కళ్ళెదుటే మామిడిపండును నీళ్ళపాలు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. గబుక్కున ఆమె చేతులు పట్టుకుని, "ఓసి పిచ్చిమొద్దూ! వద్దే! నిజం చెప్తారటే ఎవరైనా? కాకరకాయని చెప్పు! కా-క-ర-కా-య! నేనూ అదే చెప్పబోతున్నా!" అని రేవు దద్దరిల్లేటట్టు అరిచాను.

అరిచాక గానీ తెలియలేదు ఏం అరిచానో. పిన్నిగారు నోరు తెరుచుకుని నన్నే చూస్తుంటే ఆవిడ దోసిట్లో నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. (పొట్లకాయ వదిలినట్టా, వదలనట్టా అని ఆవిడకు పోయేదాకా సందేహమే.) నేను తల వంచుకుని అత్తగారి కాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాను.

"తల ఎత్తవే" అంది ఆవిడ. "నువ్వు కాకరకాయ తినేటప్పుడు నీ మొహం నేను చూళ్ళేదనుకున్నావా? ఆముదం తాగినోళ్ళు నయం. ఎంత దూరం పోతావో చూద్దామని రోజూ వండా. బెల్లం కూడా అందుకే వేయలా."

"తెలిసీ ఎందుకు వండారండి అత్తయ్యగారూ?" అన్నాను ఏడుపు గొంతుతో.

"పెరట్లో పాదు విరగకాసింది. నేను తినను, మీ ఆయన తినడు. కాయలు పారేస్తామా? ఎవరో ఒకళ్ళు తినాలిగా."

శాస్త్రిగారు నవ్వు ఆపుకోలేక గంగవైపు తిరిగారు. తరవాత సర్దుకుని, "అమ్మా, గంగ ఒడ్డున మామిడిపండు వదుల్తామన్న మాట నోట వచ్చేసింది. ఎవరో ఒకరు వదిలితే బాగుంటుంది" అన్నారు. దొరసాని దోసిలి అట్టాగే పట్టుకుని ఉంది. మామిడిపండు పేరెత్తితే నా మొహం ఎట్టా ఉందో నాకు తెలియదు గానీ, మా అత్తగారు ఆమెను ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది. "ఈ దొరసాని మొన్న మొన్న రుచి చూసింది, మా కోడలేమో ఈ ఎండాకాలమంతా నోరు కట్టుకుంది. ఇంకా తినని పండు వదలడమేంటి?" అని దొరసాని చేతుల్లో నీళ్ళు తన దోసిట్లోకి వంపుకుని, "ఆ పండేదో నేనే వదుల్తున్నా" అని గంగలోకి విడిచేసింది. "నువ్వు ఇంకోసారి వచ్చినప్పుడు వదులుదువుగానిలే. కాకరకాయ మాత్రం వదలనిస్తే ఒట్టు" అంది నాతో.

దొరసానికి మా మాటలు తెలియవు గానీ జరిగింది మాత్రం తెలిసినట్టుంది. సంచీలోంచి పళ్ళు తీసి చాకుతో కోసింది. నేనూ ఆమే ఆ మెట్ల మీదే కూర్చుని, మోచేతుల దాకా రసం కారుతుంటే తిన్నాం. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు, అయినా ఎందుకో నవ్వు ఆగలేదు. పక్కకు చూద్దునుగదా, మా అత్తగారు టెంక చీకుతోంది.

"అత్తయ్యగారూ! ఇందాకనేగదండీ వదిలారు!"

"నేను వదిలింది పండు. టెంక సంగతి గంగమ్మతో నేనేం మాట్లాడలా" అని ఆవిడ పీచు లాక్కుంది.

పోయేదాకా ఆవిడ పండు ముక్క ముట్టలేదు. ఏ వేసవీ టెంక వదల్లేదు. నేను మళ్ళీ కాశీకి వెళ్ళిందీ లేదు, ఏదీ వదిలిందీ లేదు. కాశీలో అత్తగారు వదిలించనిది ఈమధ్య తెనాలి డాక్టరు వదిలించాడు. షుగరట. మామిడిపండు వాసన కూడా చూడకూడదన్నాడు. బదులుగా ఏం తినమన్నాడో తెలుసా? కాకరకాయ. చిత్రమేమంటే, ఇన్నేళ్ళు తిని తిని ఇప్పుడది నాకు నిజంగానే ఇష్టమైపోయింది.

ఇదంతా విని తెల్లపిల్ల బుద్ధిగా తలూపింది. ఆ పూట నా కాకరకాయ వేపుడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, చెంబెడు నీళ్ళు తాగి, "చాలా బాగుందండి" అంది. కాశీకి వెళ్ళి, వాళ్ళ కాలేజీ తెరిచే ముందు మా ఇంటికి వచ్చింది.

"ఏమ్మా, ఏం వదిలావు?" అన్నాను.

"కాకరకాయ వదిలానండి" అంది, మొహంలో ఒక్క గీత కదలకుండా.

"ఇష్టమేనా?"

"ప్రాణమండి."

పిల్ల బాగుపడుతుంది. మూట విప్పితే కాశీ మామిడిపళ్ళు. వాసనకు పిల్లి కూడా లేచి వచ్చింది. నేను పళ్ళు కడిగి, కోసి, చెంపలు పిల్లలిద్దరి పళ్ళేల్లో పెట్టి, టెంక తీసుకుని గడప మీదికి నడిచాను.

"అమ్మమ్మా! డాక్టరుగారు వద్దన్నారుగా!" అని మనవరాలు అరిచింది.

"వద్దన్నది పండు" అన్నాను.

పీచు తెల్లబడేదాకా చీకాను. మోచేతి దాకా కారిన రసం కడుక్కుందామని దొడ్లోకి పోతే, తొట్టి నీళ్ళలో నా మొహం కనిపించింది. గడ్డానికి పీచు అంటుకుని, కళ్ళు చిట్లించి, అచ్చం మా అత్తగారే. ఆవిడ ముందు దొంగమొహం వేసుకుని నిలబడ్డ అమృతలూరి పిల్ల కోసం కాసేపు వెతికాను గానీ, నీళ్ళు కదిలిపోయాయి.