సెల్చుక్ సంతలో కూర్మమ్మ కేక

కౌలాలంపూర్‌కు ఉత్తరాన, ఇపోలో మా వీధి చివరి ఇంట్లో ఉండే కూర్మమ్మకు అరవై మూడేళ్ళు. రబ్బరు చేతి తొడుగుల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళపాటు, బెల్టు మీద వచ్చే తొడుగుల్లో చిల్లులు వెతికి పోయినేడు రిటైరయింది. అలవాటు మాత్రం రిటైరు కాలేదు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వెలుతురుకు పట్టి చూస్తుంది. మనుషుల్నీ అంతే. నాలో ఎన్ని చిల్లులున్నాయో ఆమెకు తెలిసినంతగా మా ఆయనకు కూడా తెలియదు.

తన నోటి సంగతి మాత్రం ఆమెకు పట్టదు. ఆరేళ్ళ కిందట కూతురు మాధవి పెళ్ళిలో ఆ నోరు ఒక మాట జారింది.

కూర్మమ్మకు ఒక్కడే అన్న, పైడయ్య. బాగాన్ దాతోలో కొబ్బరి తోటల పక్కన ఉంటాడు. ఎప్పుడు చూసినా గళ్ళ లుంగీ, మా మాటలో కైలీ, పైన తెల్ల బనీను. ఆమెకు నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి ఉన్నా లేనట్టే, సంజ వేళయితే కల్లు దుకాణంలో తేలేవాడు. పన్నెండేళ్ళ పైడయ్య బడి మానేసి ఎస్టేటులో కొబ్బరికాయల పీచు వలిచే పనిలో చేరాడు. పొద్దున్నే చెల్లెలికి గంజి తాగించి, జడ వేసి మరీ పనికి వెళ్ళేవాడు. జడ అల్లడం రాక మొదట్లో తాడు పేనినట్టు పేనేవాడట. బళ్ళో పిల్లలు నవ్వితే, పక్కింటావిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. కూర్మమ్మ పెద్దమనిషయినప్పుడు ఏం చెయ్యాలో తెలియక, ఆ ఎస్టేటు కూలీల లైను ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళందరి దగ్గరికీ పరుగెత్తాడట. అవన్నీ కూర్మమ్మే నాకు చెప్పింది, అన్నతో మాటలున్న రోజుల్లో.

మాధవి పెళ్ళినాడు పైడయ్య, పెద్దల్ని బంతిలో కూర్చోబెట్టి ఆకుల్లో వడ్డించాలని పట్టుబట్టాడు. ఈవిడ బఫే పెట్టించింది, హాలు రెండు గంటలకల్లా ఖాళీ చెయ్యాలని. ఆయన కుర్చీలు వరస మారుస్తూ, వంటవాళ్ళను అదిలిస్తూ తిరుగుతుంటే కూర్మమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"నువ్వు నా అన్నవి గానీ అమ్మవి కాదు. అమ్మలాగ పెత్తనం సెయ్యకు!" అంది, వియ్యాలవారి ఎదుటే.

పైడయ్య మేనమామగా మాధవిని బుట్టలో మోసుకొచ్చి పీటల మీద దించాడు. తలంబ్రాలయ్యేదాకా ఉన్నాడు. మెతుకు ముట్టకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మాటల్లేవు.

తప్పు తనదని కూర్మమ్మకు తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రాదు, అంతే. ఆయనకు డెబ్బై దాటాయి. ఈ మాట మధ్యలో ఉండగానే ఆయన పోతే ఈ మనిషి ఎలా బతుకుతుందని నా బెంగ. చెబితే, "నీకేటి గుణా, నీ పని సూసుకో లా!" అని, మా ఊరి అలవాటున చివర 'లా' తగిలించి నన్ను కసిరేది. నేనూ మూడు రోజులు ముఖం చూపించేదాన్ని కాదు.

ఈ మే నెలలో మాధవి మా ఇద్దరికీ టర్కీ టూరు ఏర్పాటు చేసింది. ఇస్తాంబుల్ తిప్పాక సెల్చుక్ అనే చిన్న ఊళ్ళో దించారు. గుట్ట మీద కోట. ఊరి నడుమ పూర్వకాలపు నీటి కాలువను మోసిన స్తంభాలు సగం విరిగి నిలబడి ఉన్నాయి, వాటి నెత్తిన కొంగల గూళ్ళు. ముసలాళ్ళు చెట్ల కింద చిన్న చిన్న గాజు గ్లాసుల్లో టీ తాగుతూ ఎవరికీ ఏ పనీ లేనట్టు కూర్చుని ఉన్నారు. నాకు ఆ ఊరు తెగ నచ్చింది.

ఊరి పక్కనే ఎఫెసస్ శిథిలాలు. అందరూ పాలరాతి బొమ్మల దగ్గర ఫొటోలు దిగుతుంటే, కూర్మమ్మ కొండవాలున వరసగా ఉన్న పాత ఇళ్ళ గోడల దగ్గర ఆగిపోయింది.

"మా లైను ఇళ్ళు కూడా ఇలాగే ఒకదాన్నొకటి ఆనుకుని ఉండీవి గుణా. ఈ మూల పొయ్యి. ఆ మూల అన్నే తొంగునీవాడు. అన్నీ కూలగొట్టేసి పామాయిలు సెట్లు ఏసినారు. ఈల్లు సూడు, రెండు వేల ఏళ్ళ నాటి గోడ కూడా దాసుకున్నారు."

తమిళుల పక్కన ఉండీ ఉండీ మేం అన్నయ్యను 'అన్నే' అంటాం. సొంత అన్నే కానక్కర్లేదు. బస్సు డ్రైవరు, రొట్టె కాల్చేవాడు, కొళాయి బాగుచేసేవాడు, అందరూ మాకు అన్నేలే.

మర్నాడు శనివారం, సెల్చుక్‌లో సంత. నేను సబ్బుల దగ్గర ఆగితే, కూర్మమ్మ మల్బరీ పళ్ళ బండి దగ్గరికి పోయింది. బండాయన గుబురు మీసాల మనిషి, అటు తిరిగి ఎవరితోనో కబుర్లలో ఉన్నాడు. ఈవిడ, ఫ్యాక్టరీ మోతను మించి అరవడం అలవాటైన గొంతుతో, "అన్నే! అన్నే!" అని కేకేసింది. ఆయన తిరగలేదు. ఇంకా గట్టిగా అరిచింది.

నేను పరుగున వెళ్ళేసరికి ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను చెరో రెక్కా పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టారు. ఒకామె నీళ్ళు తాగిస్తోంది. కూర్మమ్మకన్నా పదేళ్ళు పెద్దావిడ ఒకామె తల నిమురుతూ కళ్ళు ఒత్తుకుంటోంది. మీసాలాయన బండి వదిలేసి, జనంలో తొంగి తొంగి ఎవరినో వెతుకుతున్నాడు.

"నానేటి సేసినానే గుణా? పళ్ళు ఇమ్మన్నాను, అంతే!" అంది కూర్మమ్మ బిక్కమొహం వేసుకుని.

ఇంగ్లీషు వచ్చిన ఒకమ్మాయి వచ్చి విషయం చెప్పింది. వాళ్ళ భాషలో 'అన్నే' అంటే అమ్మ. కూర్మమ్మ సంతలో తల్లి తప్పిపోయి ఏడుస్తోందనుకున్నారట అందరూ. "వాళ్ళమ్మ ఏ రంగు బట్టల్లో ఉందో చెప్పండి, వెతుకుదాం" అంది ఆ అమ్మాయి.

నేను పొట్ట పట్టుకుని నవ్వుతూ అదంతా తెలుగులో చెప్పాను. కూర్మమ్మ నవ్వలేదు. కాసేపు ఆ అమ్మాయి ముఖంలోకే చూసింది.

"గళ్ళ కైలీ," అంది మెల్లగా. "తెల్ల బనీను."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మీసాలాయన పొట్లం నిండా పళ్ళు పోసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం పముజాక్ బీచికి తీసుకెళ్ళారు. కూర్మమ్మ ఇసుకలో కూర్చుని ఫోను తీసింది. అన్న పేరు మీద వేలు ఆనించబోయి, మళ్ళీ సంచిలో పడేసింది.

"ఫోన్లో సెప్పే మాట కాదు," అని ఏడుపు మొదలెట్టింది. "మాట వచ్చినకాడినుంచి నాను ఆయన్ని అమ్మా అనే పిలిసినాను గుణా. నాకే తెల్దు."

నాకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కౌలాలంపూర్‌లో దిగాక ఇపో బస్సు ఎక్కనివ్వలేదు. పెట్టెలతో, వాచిన కాళ్ళతో నన్ను తెలుక్ ఇంతాన్ బస్సెక్కించి, అక్కణ్ణుంచి టాక్సీలో బాగాన్ దాతో ఈడ్చుకెళ్ళింది. దారి పొడవునా ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూనే ఉంది. తీరా గేటు దగ్గరికొచ్చాక అంతా మరిచిపోయింది.

పైడయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. కూర్మమ్మ గేటు ఊచలు పట్టుకుని, క్షమించమనడం మానేసి, సెల్చుక్ సంత కథ ఎత్తుకుంది. పళ్ళ బండి, మీసాలాయన, తను వేసిన కేక, తల నిమిరిన ముసలావిడ. ఆ కేకకు అక్కడ అమ్మ అని అర్థమని చెప్పి, ఊచలకు తల ఆనించింది.

ఆయన లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి గేటు గడియ తీశాడు.

"ఆ పొద్దు నువ్వన్నది నిజమేలే కూర్మీ," అన్నాడు. "అమ్మయితే, ఆరేళ్ళు అలిగి కూకుంటాదేటి?"