మస్తాన్ షాపులో మోగిన రెండు ఫోన్లు

మా వేంపల్లెలో మా ఇంటికీ ఓబులప్ప ఇంటికీ తాతల నాటి నుంచి మాటల్లేవు. భూములు పోయినా ఆ పంతాన్ని మాత్రం నేను పోనివ్వలేదు.

పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో షేర్ల సలహాలమ్మే ఒక సంస్థ వారం రోజులు ఉచితంగా సలహాలు పంపింది. అన్నీ ఫలించాయి. మిగిలిన ఒక్క చేను కౌలు డబ్బంతా చందాగా కట్టేయాలని నిశ్చయించుకుని, ముందు గడ్డం గీయించుకుందామని మంగలి మస్తాన్ షాపుకు వెళ్లాను. పక్క కుర్చీలో ఓబులప్ప! చెరో గోడ చూస్తూ కూర్చున్నాం.

మొహం నిండా నురగ ఉండగా ఆ సంస్థ మెసేజ్‌తో నా ఫోన్ మోగింది. మస్తాన్‌నే చదవమన్నాను.

"సిమెంటు షేరు రేపు పెరుగుతాదంట, కొనమంటాండారన్నా."

అంతలో ఓబులప్ప ఫోనూ మోగింది. అది చూసి మస్తాన్ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"అదే కంపెనీ, అదే షేరు! ఈయప్పకేమో పడిపోతాది, అమ్మేయమన్నారు. మీరిద్దరూ మాట్లాడుకోరని వాళ్లకెట్ల తెలిసిందప్పా?"

ఓబులప్ప నావైపు తిరిగాడు. "ఏమప్పా, నీకూ వారమంతా కరెక్టుగానే వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను. రెండు తరాల తర్వాత ఆ ఇంటివారితో మేమన్న మొదటి మాట అదే.

రోజూ సగం మందికి పెరుగుతుందనీ, సగం మందికి పడుతుందనీ పంపి, తప్పినవాళ్లను వదిలేసి మిగిలినవాళ్లకే మళ్లీ పంపుతూ పోతే, కొందరికి వారమంతా నిజమై తీరుతుంది. ఇద్దరం చందా కట్టలేదు. సలహా కొనేముందు అదే మనిషి మన శత్రువుకేం చెప్పాడో కనుక్కోవాలని ఆ రోజు తెలిసింది. అందుకే ఇప్పుడు ఓబులప్పతో మాట్లాడుతున్నాను. అదీ షేర్ల గురించి మాత్రమే.