పెళ్లిచూపుల్లో మామ గురక

ఆ రోజుల్లో గురకను ఎవరూ జబ్బనుకునేవాళ్లు కాదు. గట్టిగా గురక పెట్టే మనిషిని చూస్తే, హాయిగా నిద్రపోతున్నాడని అసూయపడేవాళ్లం. ఆ లెక్కన ఆదోనిలో మా మేనమామంత సుఖపడిన మనిషి ఇంకొకరు ఉండకూడదు. ఊళ్లో అందరూ ఆయన్ని 'మిల్లు మామ' అనేవాళ్లు. (ఏ మిల్లులోనూ పని చేయలేదు, శబ్దాన్ని బట్టి వచ్చిన పేరది.) భారీ మనిషి. రాత్రంతా పడుకున్నా పగలు కునుకు వదిలేది కాదు. మంగలి కుర్చీలో, సినిమా హాల్లో, ఒకసారి అన్నం కలుపుతూ కూడా నిద్రపోయాడు.

నాన్న లేని నాకు ఆయనే పెద్ద దిక్కు. ఎనభైల మొదట్లో నాకు గుమాస్తా ఉద్యోగం రాగానే, ఎమ్మిగనూరులో ఒక నేత కుటుంబంలో సంబంధం చూశాడు. పిల్ల కర్నూలులో నర్సు చదువు పూర్తి చేసింది. ఒక మధ్యాహ్నం తన పాత జీపులో అమ్మనూ నన్నూ ఎక్కించుకుని బయలుదేరాడు.

మగ్గం పక్కన చాప వేసి కూర్చోబెట్టారు. "మావోడు శానా నెమ్మదస్తుడప్పా, తాగుడు లేదు, ఇంగ..." అంటూ మామ గోడకు చేరగిలబడి నిద్రలోకి జారిపోయాడు. గురక మొదలైంది. పిల్ల తండ్రి మర్యాద కొద్దీ మగ్గం ఆపించాడు. ఇంతలో గురక టక్కున ఆగింది. ఊపిరీ ఆగింది. మామ మొహం నల్లబడింది.

"అయ్యో, మనిషి పాయె!" అని పిల్ల అవ్వ కేక పెట్టింది.

అప్పుడే కాఫీ తెచ్చిన పిల్ల, పళ్లెం నా ఒళ్లో పెట్టేసి మామ దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఒక్క కుదుపుతో గాలి పీల్చుకుని మళ్లీ గురక అందుకున్నాడు. ఆమె నాడి పట్టుకుని చూసింది.

"ఎప్పుడూ ఇట్లే ఊపిరి ఆగుతాందా?"

"గురకే కదమ్మా," అంది అమ్మ.

"ఉత్త గురక కాదు పెద్దమ్మా. బీపీ పెరుగుతాది, గుండెకు మోసం. పగలు నిద్ర తూగే మనిషిని బండి తోలనియ్యొద్దండి."

(నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను పళ్లెం ఒలకకుండా పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను.)

మామ మేలుకుని మండిపడ్డాడు. "సంబంధానికొస్తే నన్ను రోగిష్టోన్ని చేస్తాదా? లెయ్ రా, పోదాం!"

ఊరు దాటి కాస్త దూరం వెళ్లామో లేదో, జీపు మెల్లగా రోడ్డు దిగి వేరుశనగ చేలోకి నడిచింది. నేను పక్కనుంచి స్టీరింగు పట్టి లాగాను. గట్టుకు తగిలి బండి ఆగింది. మామ కళ్లు తెరిచి, "అప్పుడే ఆదోని వచ్చెనా?" అన్నాడు. అమ్మ ఏడుపు విని, చుట్టూ చూశాక ఇంజను ఆపి నా వైపు తిరిగాడు.

"అక్కనూ నిన్నూ సంపేవాన్ని గదరా," అన్నాడు.

మరునాడే ఆస్పత్రికి వెళ్లాం. బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఒళ్లు తగ్గించమని, పక్కకు తిరిగి పడుకోమని డాక్టరు చెప్పాడు. వెల్లకిలా పడుకోకుండా అత్త ఆయన బనీను వీపున రబ్బరు బంతి కుట్టింది. తర్వాత మామ ఒక్కడే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, "నన్ను బాగా సూసినావమ్మా. ఇంగ మావోన్ని గూడా ఒకసారి సూడు," అన్నాడట. అట్లా మా పెళ్లి జరిగింది.

బంతి మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. అదుంటే నిద్ర పట్టడం లేదని మామే పీకేశాడు. మందులూ మానేశాడు. నా భార్య పోట్లాడితే, "నీ పెండ్లి సేసినాను, ఇంగ నన్నిడిచిపెట్టు," అని నవ్వేవాడు. కొన్నేళ్లకు ఒక ఉదయం ఆయన కుడి చెయ్యీ కాలూ కదలలేదు. ఆ తర్వాత ఎంతోకాలం లేడు.

మేనమామ పోలిక కదా, ఇప్పుడు నాకూ అదే జబ్బు. ముక్కుకు గొట్టం తగిలించే యంత్రంతో పడుకుంటాను. మనవరాలు 'ఏనుగు తాత' అంటుంది. మామ కాలానికి ఇది మాకు దొరకలేదే అని బాధపడతాను. దొరికుంటే, ఆ మొహానికి ఈ తొండం పెట్టుకుని ఎట్లా ఉండేవాడో అనుకుంటూ అద్దంలోకి చూస్తాను. అచ్చం అట్లాగే ఉంటాడు.