ఎల్లమ్మ తల, బిందె ఒళ్లు

మొన్న చాలా ఏళ్లకు ఆదోనికి వెళ్లి, మా వీధి ఎల్లమ్మ గుడిలో అడుగుపెట్టి తికమకపడ్డాను. నేను చిన్నప్పుడు ఎరిగిన అమ్మవారికి తల ఒక్కటే కదా, ఇప్పుడు పాలరాతిలో తల నుంచి పాదాల దాకా నిండు విగ్రహం నిలబెట్టారు, పాత రాతి తలను ఆ పాదాల దగ్గర ఒక పీట మీద ఉంచారు. దేనికి దండం పెట్టాలో తెలియలేదు.

డెబ్బైలలో, నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు, జాతరకు ఆ తలను నీళ్లు నింపిన ఇత్తడి బిందె మీద కూర్చోబెట్టి, బిందెకు చీర కట్టేవారు. కుచ్చిళ్లు పెట్టే పని మా చిన్నమ్మది. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి ఆడపడుచు, ఎంత మొండి చీరైనా ఆమె చేతిలో చెప్పినట్టు వినేది. మా అమ్మ నన్ను కని పోయాక నాయన ఆమెను చేసుకున్నాడు. మా ఇంటి ఆచారం ప్రకారం తాళితో పాటు మా అమ్మ పేరిట ఒక చిన్న బంగారు బిళ్ల కూడా ఆమె మెడలో ఉండేది, వంగి నాకు తల దువ్వుతుంటే అది నా నుదుటికి చల్లగా తగిలేది. నాయన తల్లి, మా అవ్వ, ఆమెను అమ్మా అని పిలవనిచ్చేది కాదు. మీ అమ్మ ఆ బిళ్లలో ఉందనేది. మరి బిళ్ల వేసుకున్న మనిషి ఎవరో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ ఏడు చిన్నమ్మ కుచ్చిళ్లు పెడుతుంటే అవ్వ పక్కన కూర్చుని కథ చెప్పింది. తండ్రి మాట మీద పరశురాముడు గొడ్డలి ఎత్తితే, తల్లి రేణుకమ్మ, అంటే ఈ ఎల్లమ్మే, భయపడి ఒక మాతంగి కులపు స్త్రీని వాటేసుకుందట, ఇద్దరి తలలూ తెగిపడ్డాయట. తర్వాత తండ్రి వరమిచ్చి బతికించుకోమంటే, కొడుకు ఆ కంగారులో ఒకరి తల ఇంకొకరి ఒంటికి అతికించాడట. నాకు మతి పోయింది. మరి ఆ తర్వాత అతను అమ్మా అని ఎవరిని పిలిచాడు, ఆ ముఖాన్నా, కన్న కడుపునా?

"ముఖం సూసే గదా పాపా ఎవురైనా పిలిచేది," అని అవ్వ కొట్టిపారేసింది.

నేను చిన్నమ్మను అడిగాను. ఆమె చేతిలోని కుచ్చిళ్లు జారిపోయాయి. మళ్లీ ఒక్కొక్కటే పోగుచేసుకుంటూ, "యా యమ్మని పిలిచినాడో నాకేం తెలుసు పాపా? పిలిచేదాకా ఇద్దరూ ఎదురుసూస్తా ఉండింటారు," అంది.

ఆ పిలుపు ఎన్నోసార్లు నా గొంతుదాకా వచ్చింది. కన్నతల్లికి అన్యాయమేమోనని కొన్నాళ్లు, ఇంత వయసొచ్చాక ఇప్పుడేమిటని కొన్నాళ్లు ఆగిపోయాను. అవ్వ పోయి ఎన్నేళ్లయినా నా నోరు చిన్నమ్మా అనడం మానలేదు. నిరుడు చిన్నమ్మ కూడా పోయింది.

ఇప్పుడు గుడిలో బిందె లేదు, కుచ్చిళ్లు పెట్టే చేతులూ అక్కర్లేదు, ముందే కుట్టిన చీర తెచ్చి క్షణంలో తొడిగేస్తున్నారు. ఎక్కడా అతుకు లేని ఆ నిండు అమ్మవారు నాకు కొత్త మనిషిలా అనిపించింది. వంగి పాత తల మీద చెయ్యి పెట్టి, అమ్మా అన్నాను. కన్నతల్లినా, చిన్నమ్మనా, ఎవరిని పిలిచానో నాకే తెలియలేదు.