మల్లక్క తిరిగిచ్చిన నూకలు

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం వేయదు, ఆవులింత వస్తుంది. కోడి కూయకముందే లేచి, పొయ్యి అంటించి, బొగ్గుబాయికి పోయే మనిషికి సద్ది కట్టిన ఆడదాన్ని. దయ్యాల గురించి ఆలోచించే తీరిక నాకెక్కడిది? ఇప్పటికీ నమ్మను. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది అప్పటికి. బెల్లంపల్లి దగ్గర ఒక బాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా దిక్కు గనిని బాయి అనే అంటారు. మా ఆయన లోపల టబ్బుల్లో, అంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్లలో, బొగ్గు నింపేవాడు. మాకు సంతానం కలగలేదు. రెండు పిల్లులు ఉండేవి. నల్లదాని పేరు బొగ్గు, తెల్లదాని పేరు సున్నం.

ఆయన గుణం ఒకటి చెప్పాలి. బాయి లోపల ఎలుకలను ఎవరూ కొట్టరు. అవి ఉరికితే పైకప్పు కూలబోతుందని గుర్తు. ఆయన వాటికి రొట్టె ముక్క వేసేవాడు. పైకి వచ్చాక మిగిలిన ముద్ద పిల్లులకు పెట్టేవాడు.

"కింద ఎలుకలను సాకుతవు, పైన పిల్లులను సాకుతవు. నువ్వు ఎవ్వరి దిక్కయ్యా?" అని ఎగతాళి చేసేదాన్ని.

"రెండిటికీ ఆకలైతది గదనే" అనేవాడు.

పొద్దుటి డ్యూటీ దిగి మధ్యాహ్నం పెరటి తలుపు నుంచి వచ్చేవాడు. ఒంటి మీద బొగ్గు అట్లాగే ఉండేది. పెరట్లో ఉన్న బండ మీద కూర్చొని, సద్ది డబ్బా మూతను ఆ బండకు కొట్టేవాడు. ఆ చప్పుడుకు రెండూ ఎక్కడున్నా ఉరికి వచ్చేవి. అవి తిన్నాకే ఆయన స్నానం. తనకు ఎంత ఆకలిగా ఉన్నా ఆ ముద్ద మాత్రం ముట్టేవాడు కాదు.

ఆ ఏడు ఆయనకు దగ్గు పట్టుకుంది. నిలబడే కునికేవాడు. కొన్నాళ్లు సెలవు పెట్టి పడుకోకపోతే ఈ మనిషి నీకు దక్కడమ్మా అని డాక్టరు నాతో చెప్పాడు. మంథని దగ్గర మా అమ్మగారి ఇంటికి పోదాం, గోదారి గాలికి కోలుకుంటావు అన్నాను. ఆయన సరే అని, వెంటనే అడిగిన మాట, "మరి పిల్లుల సంగతేంది?"

తీసుకుపోదామని గోనెసంచిలో వేసి చూశాం. బొగ్గు నా చేతులు రక్కి గోడ దూకింది. ఒక ఇంట్లో అడిగితే చిలక ఉందన్నారు. ఇంకొక ఇంట్లో పిల్లి మొహం చూసి పొద్దున పనికి పోవాలా అన్నారు. పిల్లి ఎదురొస్తే పయనం ఆపేవాళ్లను చూశాం గాని పిల్లి కోసం పయనం ఆపేవాణ్ని చూడలేదని మా క్వార్టర్ల లైను లైనంతా నవ్వింది. నాకు మాత్రం మండింది. మనిషి ప్రాణం కోసం నేను ఏడుస్తుంటే నడుమ ఈ పిల్లుల పంచాయితీ.

చివరికి పక్క క్వార్టరు మల్లక్క ఒప్పుకుంది. ఆమెకు కోళ్లు, కోడిపిల్లలు ఉన్నాయి కాబట్టి తన ఇంటికి తీసుకుపోలేదు. "కుక్క మనిషిని పట్టుకొని ఉంటది, పిల్లి ఇల్లును పట్టుకొని ఉంటది. గీడనే ఉండనియ్యి చెల్లె. నేనే వచ్చి పెడత. ఫికర్ చెయ్యకు" అంది. నూకల సంచి, ఎండుచేపలు ఆమెకు అప్పజెప్పి, రైల్లో పెద్దపల్లి దాకా పోయి, అక్కణ్నుంచి మంథని బస్సు ఎక్కాం.

అక్కడ ఆయనకు పనేమీ లేదు. తినడం, పడుకోవడం. అయినా అలసట తగ్గలేదు. దారి సద్దికి తెచ్చిన డబ్బా మాతోనే ఉంది. మధ్యాహ్నం తిన్నాక అలవాటు చొప్పున ఒక ముద్ద అందులో వేసి మూత పెట్టేవాడు. ఇక్కడ పిల్లులు ఎక్కడివి అంటే నవ్వేవాడు. ఆ తర్వాత గోడకు ఒరిగి నిద్రపోయేవాడు. అది మామూలు నిద్ర కాదు. భుజం పట్టి కుదిపినా లేచేవాడు కాదు. లేచాక ఇంకా నీరసంగా ఉండేవాడు.

"అల్లుడు సెలవుకు వచ్చిండా, బాయిల నుంచి గిప్పుడే ఎక్కి వచ్చిండా బిడ్డా?" అని మా అమ్మ అడిగింది.

సాయంత్రం డబ్బా కడగబోతే ఖాళీగా ఉండేది. గోదారి ఒడ్డున కుక్కలకు వేస్తున్నాడేమో అనుకున్నాను. అడగలేదు.

సెలవు అయిపోయి తిరిగి వచ్చాం. పిల్లులు నున్నగా, బొద్దుగా ఉన్నాయి. సంతోషపడి మంథని నుంచి తెచ్చిన అటుకులు తీసుకొని మల్లక్క దగ్గరికి పోయాను. ఆమె మొహం ముడుచుకొని ఉంది. నూకల సంచి తెచ్చి నా ముందు పెట్టింది. నేను కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

"నమ్మకం లేకుంటే మొదాలే చెప్పకపోతివా చెల్లె? నాకెందుకు అప్పజెప్పితివి?"

"ఏమైంది అక్కా?"

"ఏమైతది! నిన్ను తల్లిగారింట్ల దింపి మర్ది డూటీకి మళ్లి వచ్చిండు గద. రోజూ గా బండ మీద కూసుండి ఆయనే పెట్టిండు. నేను గిన్నె పట్టుకొని వచ్చేసరికి అవి మూతులు నాక్కుంటున్నయి. చెల్లె ఎప్పుడొస్తది మర్దీ అని అడిగిన. పలుకలే. ఒళ్లంత బొగ్గు, కండ్లు మూతలు పడుతున్నయి. పాపం అలసిపోయిండని నేనూ ఊకున్న."

భార్యను పుట్టింట్లో దింపి డ్యూటీకి తిరిగొచ్చే మగవాళ్లు మా లైన్లో చాలామందే. ఆమె అట్లా అనుకోవడంలో తప్పులేదు. ఆయన మంథని నుంచి కదలలేదని చెప్తే మల్లక్క తన కళ్ల మీద ఒట్టు వేసింది. అబద్ధమాడే మనిషి కాదు. కళ్లు మసకబారిన ముసలిదీ కాదు.

బొగ్గు పూసుకుంటే అందరి మొహాలూ ఒక్కటే, ఇంకెవరో అయ్యుంటారు అనుకుందామా? ఆ పిల్లులు కొత్త మనిషి నీడ పడితే గోడ ఎక్కుతాయి. మూత చప్పుడు కూడా విన్నానని మల్లక్క అంది. ఆ డబ్బా, మూత మంథనిలో నా కళ్ల ముందు ఉన్నాయి. బాయి దగ్గర కూడా అడిగించాను. ఆయన ఆ రోజుల్లో పనిలోకి దిగలేదు, ఎవరూ చూడలేదు.

బతికున్న మనిషి రెండు చోట్ల కనబడితే ఆయుష్షు తక్కువని చిన్నప్పుడు విన్న మాట గుర్తొచ్చింది. నమ్మని దాన్నే, అయినా ఆ రాత్రి లేచి లేచి ఆయన ఊపిరి చూశాను.

ఆయనతో చెప్పాను. ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు. బండ మీద కూర్చొని సున్నం వీపు నిమురుతూ, "గందుకేనా అలసట పోలే" అన్నాడు. దాన్ని ఒళ్లోకి తీసుకొని, "మరి బాయిల హాజరు పడిందా?" అని అడిగాడు.

నేను లోపలికి పోయి ఏడ్చాను. ప్రాణం దక్కించుకోవాలని అంత దూరం తీసుకుపోతే, ఆయన అక్కడ కూడా రోజూ బాయి దిగి ఎక్కినట్టేనా?

ఆయనకు ఏమీ కాలేదు. దగ్గుతూనే, అలసిపోతూనే ఉద్యోగం చివరిదాకా చేశాడు. మళ్లీ ఎప్పుడు సెలవు పెట్టినా ఊరు దాటలేదు, ఇంట్లోనే పడుకోమన్నాను. క్వార్టరు ఖాళీ చేసినప్పుడు ఆ పిల్లుల కూనలతో పాటు ఆ బండను కూడా ఎడ్లబండిలో వేయించుకొని ఇప్పుడు నేనుండే ఇంటికి వచ్చాడు.

ఆయన పోయాక ఆ పిల్లుల సంతతి మధ్యాహ్నమైతే బండ దగ్గరికి వచ్చి కూర్చునేది. వాటితో పాటు నేనూ కూర్చునేదాన్ని. వస్తాడేమోనని చెవులు రిక్కించి విన్నాను, అబద్ధమెందుకు. బతికుండగా పిలవకుండా వచ్చిన మనిషి, పోయాక ఒక్కనాడూ రాలేదు.

అది ఎట్లా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరైనా చెప్తే వింటాను. ఇప్పుడు రాకపోవడం మాత్రం నాకు బాధ కాదు. ఈసారి ఆయనకు నిజంగానే సెలవు దొరికిందనుకొని, ఆ సద్ది డబ్బా మూత నేనే బండకు కొట్టి పిల్లులకు పెడుతున్నాను.