తెల్ల దుమ్ము, ఎర్ర దుమ్ము

రాళ్ళు కోసే ఆ యార్డులో రెండు షెడ్లు. ఒకదాంట్లో సున్నపురాయి, రెండోదాంట్లో ఇసుకరాయి. సాయంత్రం అక్క తెల్లగా, చెల్లెలు కనురెప్పలతో సహా ఎర్రగా పక్కపక్కనే నడిచి వస్తుంటే, గేటు దగ్గర వాచ్‌మన్ "అదిగో, పిండిమర, ఇటుకల బట్టీ కలిసొస్తున్నాయి" అనేవాడు.

అక్కని అక్కడ అందరూ సున్నమక్క అనే పిలిచేవాళ్ళు. తల్లి పోయేనాటికి చెల్లెలికి జడ వేసుకోవడం కూడా రాదు. అక్కే జడ వేసింది, అక్కే బడికి పంపింది. చదువు నాకొద్దు మొర్రో అంటే, అక్కే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సున్నపురాయి షెడ్డులో తన పక్కన కూర్చోబెట్టుకుంది. పెళ్ళి మాటొస్తే "ముందు నీకు" అని ఇది, "ముందు నీకు" అని అది. అలా ఇద్దరికీ కాకుండా పోయింది.

చెల్లెలిది సున్నితమైన చర్మం. తడిసిన సున్నపుపొడి తగిలి వేళ్ళ సందులు పగిలిపోయేవి. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. అక్క చూడలేక మేస్త్రీ వెంటపడింది.

"అన్నా, దాన్ని ఇసుకరాయిలోకి మార్చు. ఆ పొడి చేతుల్ని తినదు."

"అక్కడ రాయి మెత్తన, పని తేలిక, సున్నమక్కా. ఆ చోటు కోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో తెలుసా?"

"నీ చెల్లెలైతే ఏం చేసేవాడివి?"

మేస్త్రీ నసిగి నసిగి చివరికి ఒప్పుకున్నాడు.

చెల్లెలికి ఆ రాయి తెగ నచ్చింది. సున్నపురాయి బిగువుగా ఉంటుంది, ఉలి జారితే పెచ్చు లేచి మొహానికి తగులుతుంది. ఇసుకరాయి అలా కాదు, గింజ గింజగా రాలి చెప్పినట్టు వింటుంది. పైగా లోపలంతా గులాబీ రంగు చారలు.

"ఇది ఒకప్పుడు ఏటి ఒడ్డున ఇసుకట అక్కా. మేస్త్రీ చెప్పాడు. నీదేమో సముద్రంలో గవ్వలూ నత్తగుల్లలూ పేరుకుని అయిందట."

"అంటే రోజూ నత్తల్ని కోస్తున్నానన్నమాట."

"అందుకే నీ పని అంత నిదానం."

వీపు మీద ఒకటి చరిచి నవ్వింది అక్క.

కొన్నేళ్ళకి చెల్లెలికి దగ్గు మొదలైంది. యార్డులో దగ్గనిదెవరు అని ముందు పట్టించుకోలేదు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, జాకెట్లు వదులైపోవడం. వీధి చివర డాక్టరు క్షయ అని మాత్రలిచ్చాడు. అవి మింగీ మింగీ కడుపు పాడైంది తప్ప దగ్గు తగ్గలేదు. చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది అక్క. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, చెల్లెల్ని బయట కూర్చోమని చెప్పి, అక్కని అడిగింది.

"ఈమె ఏం పని చేస్తుంది?"

"రాళ్ళ పనండీ."

"ఏ రాయి?"

ఆ ప్రశ్న ఎందుకో అక్కకి అర్థం కాలేదు. "ఇసుకరాయి" అంది.

"ఆ పొడి సన్నటి గాజుపొడి లాంటిదమ్మా. ఊపిరితిత్తుల్లో చేరితే కరగదు, బయటికి రాదు. దాని చుట్టూ అంతా గట్టిపడిపోతుంది. ఆయాసం తగ్గడానికి మందిస్తాను. నయం చేసే మందు లేదు."

"నేను దానికంటే ముందునుంచీ సున్నపురాయి దుమ్ములోనే ఉన్నానండీ. నన్నూ చూడండి."

చూశారు. పెద్దగా ఏమీ లేదు. "సున్నపురాయి దుమ్ము మంచిదని కాదు. దగ్గొస్తుంది, కళ్ళు మండుతాయి. కానీ చాలావరకు ఒంట్లో కరిగిపోతుంది" అంది డాక్టరమ్మ.

బయట బెంచీ మీద చెల్లెలు "నీది బాగుందా?" అని అడిగింది.

"ఆఁ."

"హమ్మయ్య" అని అక్క భుజం మీద తల వాల్చింది. తన ఎక్స్‌రే కూడా పాడై ఉంటే బాగుండునని అక్క మనసులో అనుకుంది.

తర్వాత చెల్లెలు మంచం దిగలేదు. ఒకరోజు తనే అంది, "నీ మొహం చూస్తే తెలుస్తోందిలే. నాకు ఆ షెడ్డంటే ఇష్టం అక్కా. నీ పక్కనే ఉంటే... నీ సణుగుడుకి... ఎప్పుడో పోయేదాన్ని."

పడుకుంటే ఊపిరాడేది కాదు. అందుకని అక్క మంచం మీద కూర్చుని తన వీపుకి దాన్ని ఆనించుకునేది. ఒక వాన పొద్దున అలా కూర్చుని ఉండగానే వీపు మీద బరువు మారింది. అక్కకి తెలిసిపోయింది. అయినా కదల్లేదు. కదిలితే అది ఒరిగిపోతుందని అలాగే కూర్చుంది, పక్కింటివాళ్ళు వచ్చేదాకా.

ఆసుపత్రి నుంచి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ తిరిగిచ్చేటప్పుడు డాక్టరమ్మని అడిగింది, "దాన్ని నా దగ్గరే ఉంచుకుని ఉంటే?"

"మీకు తెలియదు కదమ్మా."

"నేనడిగింది అది కాదు."

డాక్టరమ్మ సిలిండర్ కాగితం మీద సంతకం పెట్టింది. "చేతులు పగిలేవి" అంది. "అంతే."

అక్క పనిలోకి వెళ్ళగానే ముందు ఇసుకరాయి షెడ్డుకి నీళ్ళ పైపు వేయించమని మేస్త్రీ ప్రాణం తీసింది. ఇప్పుడు అక్కడ రాయి తడిపితే గాని రంపం ఆడించనివ్వదు. ముక్కుకి గుడ్డ కట్టుకోనివాళ్ళని తిడుతుంది. కాళ్ళ కింద ఎర్ర బురద, చీరలన్నీ పాడు. "దీని గోల పడలేం" అని ఆ షెడ్డు ఆడవాళ్ళు వినబడేలాగే అంటారు. ఆమె నీళ్ళ పైపు కట్టేయకుండా వదిలేసి, తన షెడ్డుకి వెళ్ళి కూర్చుంటుంది.

పని అయిపోయాక మాత్రం ఇంటికి పోబుద్ధి కాదు. గేటు పక్క రాతి దిమ్మ మీద కూర్చుండిపోతుంది. వాచ్‌మన్ తాళం చేతిలో పట్టుకుని, "వెళ్ళమ్మా, చీకటి పడుతోంది" అంటాడు.

"వెళ్తా" అంటుంది. కాసేపటికి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.