పదకొండు వందల కిలోల లెక్క

మామూలు కారుతో డ్రాగ్ రేసుకు వెళ్లేవాడు ముందు చూసుకోవలసింది ఇంజను ఎంత పెద్దదని కాదు, ఇంజనుకూ బరువుకూ జోడీ ఎలా కుదిరిందని. ఈ సంగతి తెలుగులో ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు. చదివింది పదో తరగతే అయినా, ఆ లోటు పూరించే అర్హత నాకుందనుకుని ఇది రాస్తున్నాను.

తొంభైల చివర, సాఫ్ట్‌వేర్ వాళ్లు విమానాల నిండా సింగపూర్‌లో దిగుతున్న రోజుల్లో, నేను బెడోక్‌లో ఒక కార్ల వర్క్‌షాపులో రెండో మెకానిక్‌ని. నా పైన ఫోర్‌మన్ టాన్. భీమవరం నుంచి వచ్చిన ప్రోగ్రామర్ ప్రసాద్ తన పాత కారు మా దగ్గరికి తెచ్చాడు. అక్కడ కారుకు సర్కారు ఇచ్చే పదేళ్ల అనుమతి దానికి రెండు నెలల్లో తీరిపోతుంది, తర్వాత తుక్కే. ఆలోగా జలసంధి అవతల, మలేషియాలోని జోహోర్‌లో మిగిలింది ఒకే పోటీ.

"పోయేలోగా దీన్ని ఒక్కసారి గెలిపించండి మాస్టారూ," అన్నాడు.

పోటీ అంటే పావు మైలు తిన్నని దారి, రెండేసి కార్లు. స్టాక్ విభాగంలో ఆ మోడల్‌కు కంపెనీ బిగించి అమ్మిన ఇంజనే ఉండాలి. డ్రైవరుతో సహా కారు బరువును కంపెనీ ప్రకటించిన హార్స్‌పవర్‌తో భాగిస్తే వచ్చే అంకెను బట్టి తరగతి నిర్ణయిస్తారు. ఇదంతా లైబ్రరీ నుంచి తెచ్చిన ఒక అమెరికన్ పుస్తకంలో, నాలుగుసార్లు గడువు పొడిగించుకుని చదివాను. జోహోర్‌లోనూ అదే పద్ధతి. కాబట్టి కాగితం మీద తక్కువ, రోడ్డు మీద ఎక్కువ బలం చూపే ఇంజను వెతకాలి.

ఆ మోడల్ రెండు రకాల ఇంజన్లలో ఏదో ఒకదానితో వచ్చేది. ప్రసాద్ పెద్దదే కావాలన్నాడు. పెద్దది పెడితే పెద్దవాళ్లతోనే పోటీ పడాలని ఒప్పించి చిన్నది బిగించాను. కాగితం మీద నూటపది హార్స్‌పవర్. హార్స్‌పవర్‌కు పది కిలోలు, ఆపైన ఉంటే డి తరగతి. అంతకు తగ్గితే సి. అక్కడన్నీ మాకన్నా బలమైన కార్లు, మాకు ఆశ లేదు. డి లో ఉంటూనే వీలైనంత తేలిగ్గా ఉండాలి. ప్రసాద్‌ను కూర్చోబెట్టి తూచి, డిక్కీలో సీసం దిమ్మలు బిగించి, లెక్క సరిగ్గా పదకొండు వందల కిలోలకు తెచ్చాను. దారిలో ఖర్చయ్యే పెట్రోలు కూడా ఆ లెక్కలో చూసుకున్నాను.

టాన్ నవ్వాడు. మాట చివర 'లా' తగిలించడం సింగపూర్ వాళ్ల అలవాటు. "ఇంకో పది కిలోలు వేసెయ్ లా. రైస్ బ్యాగ్ పడేస్తే ఫినిష్!"

పది కిలోలకు ఎంత ఆలస్యమవుతుందో పుస్తకంలో ఉందన్నాను.

"యువర్ బుక్ కెన్ డ్రైవ్, ఆ?"

దిమ్మలు ఇంకోసారి బిగించి చూశాను.

పోటీ రోజు తూకంలో వెయ్యిన్నీ తొంభై ఏడు కిలోలే వచ్చింది, మూడు తక్కువ. నేను వాదించి రెండోసారి తూయించినా అంతే. నిబంధన ప్రకారం తరగతి అక్కడే ఖాయం, తర్వాత బరువు చేర్చడానికి వీల్లేదు. దిమ్మలు లెక్కపెట్టాను, పెట్రోలు ముల్లు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ప్రసాద్ బెల్టుకు కొత్త చిల్లు కనబడింది.

"సన్నబడ్డారా మీరు?"

"గెలవాలని మొక్కుకున్నానండి. వారం నుంచి ఒంటిపూటే."

"నాకొక మాట చెప్పొద్దా?"

"మొక్కు బయటికి చెప్పకూడదంటారు కదండీ!"

సి తరగతి మొదటి రౌండులోనే ఓడిపోయాం. మా కారు ఆ పరుగు తీసిన సమయం డి విజేత సమయం కన్నా మెరుగు. నెలాఖరుకు కారు తుక్కుకు వెళ్లింది.

నేర్చుకున్నది ఇది: డ్రైవరును పోటీ రోజు ఉదయం మళ్లీ తూచాలి. తరగతి హద్దుకు కనీసం ఐదు కిలోలు పైన ఉండాలి. ఇంజను ఎంపిక మాత్రం సరైనదేనని నేటికీ నా అభిప్రాయం.

పుస్తకం గడువు విసుక్కోకుండా పొడిగించిన లైబ్రరీ ఫాతిమా గారికి, తూకం దగ్గర నా వాదన ఓపికగా విన్న రహీమ్‌కు, ఫోర్‌మన్ టాన్‌కు, తన కారు ఒకే ఒక్క పోటీని నా లెక్కకు అప్పగించిన ప్రసాద్ గారికి కృతజ్ఞతలు.